పారిపోయినవారు కదిలించిన చట్టం: అమెరికాలో బానిసల పలాయనం, దాని పర్యవసానాలు

క్లుప్తంగా: అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని బానిసత్వం లేని ప్రాంతానికి చేరగలిగినవారు మొత్తం బానిసల్లో అతి కొద్దిమంది. అయినా వారిని పట్టి అప్పగించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఏడు దశాబ్దాలకు పైగా రాజ్యాంగాన్నీ కోర్టులనూ రాష్ట్రాల మధ్య సంబంధాలనూ కుదిపింది. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం (1861–65) మొదలైన కొన్ని వారాలకే అదే ప్రశ్న సైనిక స్థావరాల గుమ్మం ముందుకు వచ్చి, విముక్తి చట్టాలకు దారితీసింది.

1860 నాటి అమెరికా జనాభా లెక్కల ప్రకారం బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. అంతకు ముందు ఏడాది కాలంలో యజమానుల నుంచి పారిపోయి మళ్ళీ దొరకనివారు 803 మంది అని అవే లెక్కల్లో నమోదైంది. పదేళ్ళ కిందట ఆ సంఖ్య 1,011. ఇవి యజమానుల వైపు నుంచి వచ్చిన వివరాలు కాబట్టి అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది. కానీ మూడింతలు చేసి చూసినా వెయ్యిమందిలో ఒకరికి చేరదు. అయినప్పటికీ, 1860 డిసెంబరులో సౌత్ కరోలినా రాష్ట్రం అమెరికా సమాఖ్య నుంచి విడిపోతూ తన కారణాలను ప్రకటించినప్పుడు, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు అప్పగించడం లేదన్న ఫిర్యాదుకు అందులో ప్రముఖ స్థానం ఇచ్చింది. ఇంత చిన్న సంఖ్య ఇంత పెద్ద తగవుకు ఎలా కారణమైందన్నది ఈ చరిత్రలో మొదట అర్థం చేసుకోవలసిన విషయం.

ఎటు పారిపోవడం?

పారిపోవడం అనగానే ఉత్తర దిక్కుకు నడిచే మనిషి గుర్తుకు రావడం సహజం. కానీ ఆ దిక్కు ఎప్పుడూ ఒకటే కాదు. 17వ శతాబ్దం చివర, ఇంగ్లీషువారి కరోలినా వలసలో బానిసలైనవారికి ఆశ కనిపించింది దక్షిణాన, స్పెయిన్ ఏలుబడిలోని ఫ్లోరిడాలో. అక్కడికి వచ్చి క్రైస్తవ కాథలిక్ మతం స్వీకరించిన పరారీ బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ రాజు 1693లో ఆజ్ఞ జారీచేశాడు. అలా వచ్చినవారితో 1738లో సెయింట్ అగస్టీన్ పట్టణం పక్కనే ఫోర్ట్ మోసే అనే నల్లవారి ఊరు, కోట వెలిశాయి. శత్రువు బలాన్ని తగ్గించడమే స్పెయిన్ ఉద్దేశం, మానవత్వం రెండో మాట. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటన్ కూడా ఇదే ఎత్తు వేసింది: తిరుగుబాటుదారుల బానిసలు తమ పక్షానికి వస్తే విముక్తి ఇస్తామని వర్జీనియా గవర్నరు డన్‌మోర్ 1775లో ప్రకటించాడు. యుద్ధం ముగిశాక 1783లో న్యూయార్క్ రేవు నుంచి ఓడలెక్కిన నల్లవారి పేర్లను బ్రిటిష్ అధికారులు ఒక చిట్టాలో రాసుకున్నారు. అందులో సుమారు 3,000 మంది ఉన్నారు. తరువాతి కాలంలో మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేయడంతో, టెక్సాస్ వైపు ఉన్నవారికి రియో గ్రాండే నది దాటడం మార్గమైంది. వర్జీనియా, నార్త్ కరోలినాల సరిహద్దున ఉన్న గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి అడవిలో తరాల తరబడి బతికినవారూ ఉన్నారు.

వీటన్నిటికన్నా ఎక్కువగా జరిగింది మాత్రం దూరం పోని పలాయనం. కొరడా దెబ్బలు తప్పించుకోవడానికో, వేరే తోటకు అమ్మేసిన భార్యను చూడడానికో తోట పక్క అడవిలో రోజుల పాటు, వారాల పాటు దాక్కుని, అయినవాళ్ళు రాత్రిపూట తెచ్చిపెట్టిన తిండితో గడిపి, చివరికి తిరిగి వచ్చినవారే ఎక్కువమంది. మిసిసిపీ, అలబామా వంటి పత్తి రాష్ట్రాల నడిబొడ్డు నుంచి, బానిసత్వం లేని రాష్ట్రాలకు సరిహద్దయిన ఒహాయో నది చేరాలంటే వందల కిలోమీటర్లు శత్రుప్రాంతంలోనే నడవాలి. అందువల్ల ఉత్తరానికి చేరగలిగినవారిలో అధికశాతం మేరీలాండ్, వర్జీనియా, కెంటకీ, మిస్సోరి వంటి సరిహద్దు రాష్ట్రాలవారు. వారిలోనూ ఒంటరి యువకులే ఎక్కువ. చంటిబిడ్డతో రాత్రంతా నడవడం, పగలంతా చప్పుడు లేకుండా దాక్కోవడం దాదాపు అసాధ్యం. బిడ్డను వదిలి వెళ్ళడం తల్లికి అంతకన్నా అసాధ్యం. స్త్రీలు తక్కువగా పారిపోయారంటే స్వేచ్ఛ మీద వారికి మక్కువ తక్కువని కాదు; కుటుంబమే వారికి వేసిన సంకెల అయింది.

చీటీ, గస్తీ, ప్రకటన

ఊరి పొలిమేర దాటే ప్రతి బానిస చేతిలో యజమాని రాసిచ్చిన అనుమతి చీటీ ఉండాలి. చీటీ లేనివారిని ఆపి, కొట్టి, అప్పగించే అధికారం గస్తీ దళాలకు ఉండేది. ఆ దళాల్లో స్థానిక తెల్లవారు వంతులవారీగా పనిచేసేవారు. బానిసలకు చదువు నేర్పడాన్ని అనేక దక్షిణాది రాష్ట్రాలు నేరంగా చేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి: రాయడం వస్తే చీటీ తానే రాసుకోగలరు. వీరి కంట పడనివారి కోసం వేటకుక్కలు, కూలికి మనుషులను పట్టే వేటగాళ్ళు, పత్రికల్లో ప్రకటనలు ఉండేవి.

ఆ ప్రకటనల భాష చరిత్రకారులకు పెద్ద ఆధారం. పారిపోయిన మనిషి ఎత్తు, రంగు, నడక, మాట తీరు, ఏ చేతిపని తెలుసు, తల్లి ఏ తోటలో ఉంది, ఎటు వెళ్ళి ఉంటారు అన్న వివరాలన్నీ వాటిలో ఉండేవి. వీపు మీద కొరడా చారలు, తెగిన చెవి, కాల్చి వేసిన ముద్ర వంటి ఆనవాళ్ళను యజమానులు ఏ సంకోచమూ లేకుండా అచ్చువేయించేవారు. బానిసలను బాగానే చూసుకుంటున్నామని బయట చెప్పుకునే వర్గం, గుర్తుపట్టడానికి వీలుగా తన క్రూరత్వాన్ని తానే నమోదు చేసింది. బానిసత్వ వ్యతిరేకులు 1839లో ఈ ప్రకటనలనే పోగుచేసి సాక్ష్యంగా ప్రచురించారు.

ఈ నిఘాను దాటడానికి దాని నియమాలనే వాడుకున్న ఉదంతం విలియం, ఎలెన్ క్రాఫ్ట్ దంపతులది. జార్జియాలోని మేకన్ పట్టణంలో బానిసలైన వీరు 1848 డిసెంబరులో బయలుదేరారు. ఎలెన్ తండ్రి ఆమె తల్లికి యజమాని అయిన తెల్లవాడే. అందువల్ల ఆమె మేనిరంగు తెల్లగా ఉండేది. అయితే తెల్ల స్త్రీ ఒక నల్ల సేవకుడితో ఒంటరిగా ప్రయాణించడం ఆ సమాజంలో జరిగే పని కాదు. కాబట్టి ఆమె జుట్టు కత్తిరించుకుని, సూటు, టోపీ, రంగు కళ్ళద్దాలు ధరించి వైద్యానికి వెళుతున్న తెల్ల దొరగా మారింది. భర్త ఆ దొరకు సేవకుడయ్యాడు. ఆమెకు రాయడం రాదు. హోటల్ రిజిస్టరులో సంతకం అడిగితే దొరికిపోతుంది కాబట్టి కుడిచేతికి కట్టుకట్టి మెడకు వేలాడదీసుకుంది. మాటల్లోకి దించకుండా ఉండడానికి పంటినొప్పి ఉన్నట్టు చెంపలకు గుడ్డ చుట్టుకుంది. రైలు, ఆవిరి ఓడ మారుతూ, మంచి హోటళ్ళలోనే దిగుతూ వారు క్రిస్మస్ రోజున ఫిలడెల్ఫియా చేరారు. బాల్టిమోర్ స్టేషన్లో మాత్రం, ఈ బానిస నీ సొంతమనడానికి రుజువు చూపమని అధికారి అడ్డుపడ్డాడు. జబ్బుపడ్డ దొరను ఇబ్బందిపెట్టడానికి చివరికి వెనకాడి వదిలేశాడు. తెల్ల యజమానికి ఎదురు ప్రశ్న వేయకూడదన్న మర్యాదే ఇక్కడ వారికి రక్షణ అయింది.

అంతకు పదేళ్ళ ముందు, 1838 సెప్టెంబరులో, తరువాత బానిసత్వ వ్యతిరేక వక్తగా పేరుపొందిన ఫ్రెడరిక్ డగ్లస్ బాల్టిమోర్ నుంచి న్యూయార్క్‌కు రైలెక్కింది కూడా ఇలాంటి కాగితం బలంతోనే. ఒక నల్ల నావికుడి గుర్తింపు పత్రాన్ని అరువు తెచ్చుకుని, నావికుడి దుస్తులు వేసుకున్నాడు. పత్రంలోని పోలికలు అతనికి సరిపోవు. దాని మీదున్న అమెరికా గద్దముద్రను చూసి కండక్టరు ముందుకు సాగిపోయాడు. ఒక్క రోజు గడవకముందే డగ్లస్ న్యూయార్క్‌లో ఉన్నాడు.

అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్: ఉన్నదెంత, కథ ఎంత

పాఠకులను ఎక్కువగా తికమకపెట్టే పేరు ఇదే. ఇది రైలు మార్గం కాదు, నేల కింద సొరంగమూ కాదు. ఆశ్రయమిచ్చే ఇళ్ళను స్టేషన్లనీ, దారి చూపేవారిని కండక్టర్లనీ పిలుచుకున్న రహస్య సహాయక సంబంధాల సమూహం. దీనికి ఒక కేంద్ర కార్యాలయం గానీ, నాయకుడు గానీ లేరు. ఒక ఇంటివారికి తరువాతి ఇల్లు తెలిస్తే చాలు; అంతకు మించి తెలియకపోవడమే అందరికీ భద్రత. డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో థామస్ గారెట్, ఇండియానాలో లీవై కాఫిన్ వంటి క్వేకర్ల (బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఒక క్రైస్తవ శాఖవారి) సహాయం నిజమే. ఒహాయో నది గట్టున రిప్లీ పట్టణంలో పాస్టరు జాన్ రాంకిన్ కొండమీది ఇల్లు అవతలి కెంటకీ ఒడ్డుకు కనిపించేది. అదే పట్టణంలో, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న జాన్ పార్కర్ రాత్రివేళ పడవలో అవతలికి వెళ్ళి మనుషులను తీసుకువచ్చేవాడు. తరువాతి కాలపు జ్ఞాపకాల్లో రాంకిన్ వంటివారికి దక్కిన చోటు పార్కర్ వంటివారికి దక్కలేదు. నిజానికి ఓడరేవుల్లోని నల్ల కూలీలు, నావికులు, నల్లవారి చర్చిలు లేకుండా ఈ దారి నడిచేది కాదు. దక్షిణాది లోపలి భాగంలో అయితే ఈ దారి లేనేలేదు. పారిపోయినవారిలో చాలామంది తమ మొదటి సహాయకుణ్ణి కలిసేసరికే ప్రయాణంలో అతి ప్రమాదకరమైన భాగాన్ని సొంతంగా దాటి ఉండేవారు.

ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యాలయంలో పనిచేసిన విలియం స్టిల్ అనే నల్లవాడు చేసిన పని ఈ చరిత్రకే పునాది. తన దగ్గరికి వచ్చిన ప్రతివారి పాత పేరు, కొత్త పేరు, యజమాని, ఊరు, విడిపోయిన బంధువుల వివరాలు ఆయన రాసుకునేవాడు. ఇలాంటి పుస్తకం దొరికితే రాసినవాడికీ ప్రమాదమే. అయినా రాయడానికి కారణం ఉంది. 1850లో, దశాబ్దాల బానిసత్వం తరువాత డబ్బు కట్టి విడుదలైన పీటర్ అనే వ్యక్తి తల్లిదండ్రుల జాడ వెతుకుతూ ఆయన కార్యాలయానికి వచ్చాడు. అతను చెప్పిన పేర్లు వింటూ ఉండగా, ఎదురుగా కూర్చున్నది తాను పుట్టకముందే తల్లికి దూరమైన సొంత అన్న అని స్టిల్‌కు అర్థమైంది. ఇతరుల కుటుంబాలూ ఇలా కలుసుకోవాలంటే రాసి ఉంచడం ఒక్కటే దారి.

హారియట్ టబ్‌మన్ విషయంలోనూ కథను, ఆధారాన్ని వేరు చేయవలసి ఉంది. 1849లో మేరీలాండ్ నుంచి తప్పించుకున్న ఆమె 300 మందిని విడిపించిందన్న లెక్క 19వ శతాబ్దపు జీవితచరిత్ర నుంచి వచ్చింది. ఇటీవలి పరిశోధకులు నిర్ధారించినది సుమారు 13 ప్రయాణాలు, 70 మంది. దీనివల్ల ఆమె గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు: బయటపడ్డ చోటికి ఒక్కసారి తిరిగి వెళ్ళడానికే ధైర్యం చాలని పరిస్థితిలో పదేపదే వెళ్ళిన మనిషి ఆమె. రాత్రులు పొడుగ్గా ఉండే చలికాలాన్ని ఎంచుకునేది. శనివారం రాత్రి బయలుదేరేది. సోమవారం దాకా పత్రికలో ప్రకటన వేయించడం యజమానికి కుదరదు. దుప్పట్ల మీది కుట్టు బొమ్మలే దారి చూపే సంకేతాలన్న ప్రచారానికి మాత్రం ఆ కాలపు ఆధారమేదీ లేదు.

చట్టం ఎంత దూరం వెంటాడింది

1787 నాటి రాజ్యాంగంలో బానిస అన్న పదం లేదు. అయితే ఒక రాష్ట్రంలో సేవకు కట్టుబడిన వ్యక్తి మరో రాష్ట్రానికి పారిపోతే అక్కడి చట్టం వల్ల ఆ బాధ్యత పోదనీ, అడిగినప్పుడు అప్పగించాలనీ నాలుగో అధికరణంలో ఉంది. అంటే స్వేచ్ఛా రాష్ట్రం నేలమీద కాలు పెట్టినంత మాత్రాన మనిషి స్వతంత్రుడు కాడు. 1793 చట్టం దీన్ని అమలుచేసే పద్ధతిని చెప్పింది. ఆ పద్ధతి ఎంత లొసుగులతో కూడినదంటే, పుట్టుకతోనే స్వతంత్రులైన నల్లవారిని సైతం పరారీ బానిసలని చెప్పి ఎత్తుకుపోయి అమ్మే ముఠాలు తయారయ్యాయి. పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలు దీన్ని ఆపడానికి చట్టాలు చేశాయి. 1842లో ప్రిగ్ అనే బానిస వేటగాడి కేసులో సుప్రీంకోర్టు పెన్సిల్వేనియా చట్టాన్ని కొట్టివేసింది, కానీ అదే తీర్పులో అప్పగింత సమాఖ్య ప్రభుత్వ బాధ్యత అని చెప్పడంతో, రాష్ట్ర అధికారులు సహకరించనక్కరలేదన్న అర్థం వచ్చింది. మసాచుసెట్స్ మరుసటి ఏడాదే తన జైళ్ళనూ అధికారులనూ ఈ పనికి వాడరాదని చట్టం చేసింది.

దక్షిణాది ఒత్తిడితో 1850లో వచ్చిన కొత్త చట్టం ఈ సందును మూసివేయాలని చూసింది. జ్యూరీ విచారణ లేదు. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పే హక్కు లేదు. కేసు తేల్చే కమిషనరుకు, మనిషిని అప్పగిస్తే 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు రుసుము. ఆశ్రయమిచ్చినవారికి 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. వీటన్నిటికన్నా ఉత్తరాదివారిని కలవరపెట్టినది, అధికారి పిలిస్తే దారిన పోయే పౌరుడు కూడా పట్టివేతకు సాయపడి తీరాలన్న నిబంధన. అప్పటిదాకా బానిసత్వం తమ ఊళ్ళో లేని వ్యవహారమని ఊరుకున్నవారిని ఈ చట్టం అందులో భాగస్వాములను చేసింది.

ఇక్కడ భారతదేశంతో ఒక పోలిక ఉపయోగపడుతుంది. తెలుగు జిల్లాలు సహా ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు వర్తించిన 1843 నాటి అయిదో చట్టం బానిసత్వాన్ని నేరంగా ప్రకటించలేదు. మనిషి మీద మనిషికి ఆస్తిహక్కు ఉందన్న వాదనను ఏ కోర్టూ అమలుచేయరాదని మాత్రం అన్నది. నేరం కావడానికి 1860 నాటి భారత శిక్షాస్మృతి దాకా ఆగవలసి వచ్చింది. కంపెనీ చట్టం యజమాని వెనక నుంచి రాజ్యబలాన్ని కాగితం మీదైనా తప్పించగా, ఏడేళ్ళకే అమెరికా చట్టం ఆ బలాన్ని రెట్టింపు చేసింది. కుల, రుణ బంధాల వల్ల ఇక్కడ ఆచరణలో మార్పు నెమ్మదిగానే సాగింది, కానీ చట్టం నడిచిన దిక్కు వేరు.

అమలు చేసిన కొద్దీ 1850 చట్టం ఎదురుతన్నింది. 1851లో పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా వద్ద తన మనుషులను పట్టుకోవడానికి వచ్చిన మేరీలాండ్ యజమాని ఘర్షణలో చనిపోయాడు. అదే ఏడాది బోస్టన్‌లోనూ సిరక్యూస్‌లోనూ జనం నిర్బంధంలో ఉన్నవారిని విడిపించుకుపోయారు. 1854లో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ణి వర్జీనియాకు పంపడానికి అధ్యక్షుడు పియర్స్ సైన్యాన్ని దించాడు. సాయుధుల నడుమ అతన్ని రేవుకు నడిపిస్తుంటే వేలాదిమంది వీధులకు ఇరువైపులా నిలబడ్డారు. ఒక్క మనిషిని పంపడానికి వేల డాలర్లు ఖర్చయ్యాయి. మరుసటి ఏడాది బానిసత్వ వ్యతిరేకులు 1,300 డాలర్లకు అతని స్వేచ్ఛను కొన్నారు.

బోస్టన్‌లో స్థిరపడిన క్రాఫ్ట్ దంపతులు ఆ ఊరు వదిలి ఇంగ్లండ్ వెళ్ళారు. వేలమంది కెనడా బాటపట్టారు. ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలు మినహా, కెనడా సహా బ్రిటిష్ సామ్రాజ్యంలో చాలా భాగంలో బానిసత్వం 1834 ఆగస్టు 1 నుంచి రద్దయింది. అంతకు ముందే, 1833లో డెట్రాయిట్ నుంచి నది దాటి వచ్చిన బ్లాక్‌బర్న్ దంపతులను తిప్పిపంపడానికి అక్కడి ప్రభుత్వం నిరాకరించింది. టబ్‌మన్ కూడా తనవారిని ఫిలడెల్ఫియాలో ఆపకుండా ఒంటారియోలోని సెయింట్ కాథరిన్స్ దాకా తీసుకువెళ్ళింది 1850 చట్టం వల్లనే.

కోట గుమ్మం ముందు ముగ్గురు

1861 మే 23న వర్జీనియా ఓటర్లు సమాఖ్య నుంచి విడిపోవడాన్ని ఆమోదించారు. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు ఒక పడవలో ఫోర్ట్ మన్రో చేరారు. వర్జీనియాలోనే ఉన్నా సమాఖ్య సైన్యం చేతిలో ఉన్న కోట అది. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటు సైన్యం కోసం ఫిరంగి దిబ్బలు కట్టే పనికి యజమాని వారిని పెట్టాడు. నార్త్ కరోలినాకు పంపేస్తారన్న భయంతో వారు బయటపడ్డారు. మరునాడు యజమాని తరఫున ఒక మేజరు తెల్లజెండాతో వచ్చి, 1850 చట్టం ప్రకారం అప్పగించమని అడిగాడు. కోట అధిపతి జనరల్ బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా న్యాయవాది. వర్జీనియా తనను తాను పరాయి దేశమని చెప్పుకుంటోంది కాబట్టి అమెరికా చట్టం దానికి వర్తించదని జవాబిచ్చాడు. శత్రువు యుద్ధానికి వాడుతున్న సరుకును స్వాధీనం చేసుకునే నియమం కింద ముగ్గురినీ ఉంచుకున్నాడు.

ఇందులో విముక్తి ప్రకటన లేదు. మనుషులను ఇంకా సరుకుగానే లెక్కకట్టిన వాదన ఇది. కానీ అప్పగింత ఆగిపోయిందన్న వార్త తోటల్లో పాకింది. జులై చివరికి తన దగ్గర 900 మంది ఉన్నారని బట్లర్ పైఅధికారులకు రాశాడు. వారిలో కష్టం చేయగల మగవారు మూడోవంతు మాత్రమే. మిగిలినవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. పలాయన చరిత్రలో అసలు మలుపు ఈ అంకెలో ఉంది. వందల కిలోమీటర్ల దూరం కొన్ని మైళ్ళకు తగ్గగానే, ఒంటరి యువకుల పలాయనం కుటుంబాల పలాయనంగా మారింది.

తరువాత కాంగ్రెస్ ఈ వాస్తవం వెనకే నడిచింది. యుద్ధానికి వాడిన బానిసల మీద యజమానుల హక్కును 1861 ఆగస్టు చట్టం రద్దుచేసింది. పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపరాదని 1862 మార్చిలో సైన్యాన్ని ఆదేశించింది. అదే ఏడాది మే నెలలో చార్లెస్టన్ రేవులో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస చుక్కాని మనిషి, కెప్టెన్ టోపీ పెట్టుకుని, తెల్లవారకముందే తిరుగుబాటుదారుల స్టీమరును కుటుంబంతో సహా ఫోర్ట్ సమ్టర్ కోట ఫిరంగుల ముందు నుంచే దాటించి సమాఖ్య నౌకాదళానికి అప్పగించాడు. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన, 1864 జూన్‌లో పరారీ బానిసల చట్టాల రద్దు, 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దుచేసిన రాజ్యాంగ 13వ సవరణ వచ్చాయి. యుద్ధం ముగిసేనాటికి సమాఖ్య సేనల చెంతకు చేరినవారు నాలుగైదు లక్షలని చరిత్రకారుల అంచనా.

ఆ శిబిరాల్లో బతుకు సుఖంగా లేదు. జీతాలు ఎగ్గొట్టారు, మశూచి చంపింది. కెంటకీలోని క్యాంప్ నెల్సన్ నుంచి 1864 నవంబరు చలిలో, సైన్యంలో చేరిన నల్లవారి భార్యాబిడ్డలను సుమారు 400 మందిని సైనికులు గెంటివేసి గుడిసెలు కూల్చారు. 102 మంది చనిపోయారు. ఆ దారుణం బయటికి పొక్కాకే, నల్ల సైనికుల కుటుంబాలకు విముక్తినిస్తూ 1865 మార్చిలో కాంగ్రెస్ చట్టం చేసింది.

పని వదిలి వెళ్ళే హక్కు

బానిసత్వం రద్దయ్యాక కూడా వదిలివెళ్ళే హక్కు మీదనే పోరు సాగింది. 1865 నవంబరులో మిసిసిపీ చేసిన చట్టం ప్రకారం, ఒప్పందం గడువు తీరకముందే పని మానేసిన నల్లవాడికి ఆ ఏడాది అప్పటిదాకా చేసిన పనికి జీతం దక్కదు. అతన్ని పట్టుకుని యజమానికి అప్పగించే అధికారం ఎవరికైనా ఉంది. పట్టినవారికి 5 డాలర్లు, మైలుకు 10 సెంట్లు ముట్టేవి. బ్రిటిష్ ఇండియాలోనూ అడ్వాన్సు తీసుకుని పని వదిలేసిన కూలీని 1859 నాటి 13వ చట్టం కింద మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, వినకపోతే జైలుకు పంపేవారు. ఆ చట్టం 20వ శతాబ్దంలోనూ కొనసాగింది. అమెరికా కాంగ్రెస్ 1866లో పౌరహక్కుల చట్టం, 1867లో అప్పు పేరిట నిర్బంధ చాకిరీని నిషేధించే చట్టం చేసి ఇలాంటి నిబంధనలను అడ్డుకోజూసింది. దక్షిణాదిలో కౌలు అప్పులు, ఖైదీలను కూలికిచ్చే పద్ధతి వాటిని తప్పించుకుంటూ మరెన్నో దశాబ్దాలు నడిచాయి.